నది మధ్యలో ఎర్ర గీత: నేల కోత మ్యాపు వేసిన నా అనుభవం

మొదటి మ్యాపు తయారైన రోజు నాకు నేనే మురిసిపోయాను. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో వాటర్‌షెడ్, అంటే ఆ నదిలోకి నీరు దిగే ప్రాంతం, మొత్తం స్క్రీన్ మీద పరుచుకుని ఉంది, నది పొడవునా చిక్కటి ఎర్ర గీత, దాంట్లో వచ్చి కలిసే వాగులన్నీ సన్నటి ఎర్ర నరాల్లా. ఇంత స్పష్టంగా వచ్చిందంటే సరిగ్గానే చేసి ఉంటానని గట్టి నమ్మకం. మెయిల్ పెట్టిన అరగంటకి మా టీములో సీనియర్ ఒకాయన ఫోన్ చేశారు. "మ్యాపు బాగుందమ్మా. కానీ నది అడుగున ఉన్న మట్టిని వాన చినుకులు కోసేస్తున్నాయంటావా?" అన్నారు. అంతే, ఇంకేం అనకుండా ఫోన్ పెట్టేశారు.

ఆ ఎర్ర గీత ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది. మిగతా రంగులు కూడా ఏ మేరకు తప్పో తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నా తెలివితక్కువ పనులతో సహా.

అసలు పని ఏంటంటే, నది దిగువన ఒక జలాశయం ఉంది, అది పూడికతో నిండిపోతోంది. పై నుంచి మట్టి ఎక్కడెక్కడి నుంచి దిగుతోందో చూసి, గట్లు కట్టడం, మొక్కలు పెట్టడం లాంటి పనులు ముందు ఎక్కడ మొదలుపెట్టాలో మేం చెప్పాలి. వాటర్‌షెడ్ దాదాపు 180 చదరపు కిలోమీటర్లు, లోపల 14 చిన్న వాటర్‌షెడ్లు. అన్నీ ఒకేసారి బాగుచెయ్యడం అయ్యే పని కాదు కాబట్టి వరస కావాలన్నారు. వాళ్ళు అడిగింది ఎన్ని టన్నులు అని కాదు, ముందు ఎక్కడ అని. ఈ తేడా మొదట్లో నా బుర్రకెక్కలేదు.

ఈ పనికి దాదాపు అందరూ పట్టుకునేది ఒకే సమీకరణం. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన విష్‌మయర్, స్మిత్ అనే ఇద్దరు 1965లో ఒక హ్యాండ్‌బుక్‌గా వేసి, 1978లో దాన్నే సవరించి 537వ నంబరు హ్యాండ్‌బుక్‌గా మళ్ళీ వేశారు, దాని పేరు యూఎస్ఎల్ఈ (యూనివర్సల్ సాయిల్ లాస్ ఈక్వేషన్). 1997లో రెనార్డ్, ఆయన సహచరులు ఇంకొంచెం మెరుగుపరిచి ఆర్‌యూఎస్ఎల్ఈ అన్నారు. చూడ్డానికి ఉత్త గుణకారం. వాన దెబ్బ ఎంత గట్టిగా ఉందో చెప్పేది ఆర్, మట్టి ఎంత తేలిగ్గా విడిపోతుందో చెప్పేది కే, వాలు పొడవు, నిటారుతనం కలిపి ఎల్ఎస్, నేల మీద పైరో గడ్డో కప్పి ఉందా లేదా అన్నది సీ, గట్లు, వాలుకు అడ్డంగా దున్నడం లాంటి రక్షణ పీ. ఐదూ గుణిస్తే ఏడాదికి హెక్టారుకి ఇన్ని టన్నుల మట్టి పోతుందని వస్తుంది.

దీని వెనక ఉన్నది కంప్యూటర్లు కాదు, మడులు. 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు, దున్ని ఏమీ వెయ్యకుండా వదిలేసిన మడి, అదే కొలమానం. 22.13 ఏం అంకెరా బాబూ అని చాలా రోజులు విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, అది 72.6 అడుగులు. దానికి 6 అడుగుల వెడల్పు పెడితే 435.6 చదరపు అడుగులు, అంటే ఎకరంలో సరిగ్గా నూరో వంతు. అది తెలిశాక సమీకరణం మీద గౌరవం పెరిగింది, దాంతో పాటే కాస్త గుబులు కూడా పట్టుకుంది. ఇలాంటి చిన్న చిన్న మడుల్లో బురద తూచి తేల్చినదాన్ని తెచ్చి నేను 180 చదరపు కిలోమీటర్ల మీద పరుస్తున్నాను. ఆ విష్‌మయరే 1976లో, ఈ సమీకరణాన్ని ఎలా వాడాలి, ఎలా వాడకూడదు అని ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసుకోవాల్సి వచ్చిందంటే అప్పటికే జనం ఎంత ఇష్టమొచ్చినట్టు వాడేస్తున్నారో ఊహించుకోవచ్చు.

సరే, పనిలో దిగాను. ముందు కావాల్సింది డీఈఎం, అంటే ప్రతి పిక్సెల్‌కీ అక్కడి ఎత్తు రాసి ఉన్న రాస్టర్ (గళ్ళ మ్యాపు). ఎస్ఆర్‌టీఎం అందరికీ తెలిసిందే, 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజుల ప్రయాణంలో రాడార్‌తో కొలిచింది, పిక్సెల్ 30 మీటర్లు. ఇంకోచోట 12.5 మీటర్లది, ఆలోస్ పాల్సార్ అనే ఉపగ్రహ రాడార్ పేరుతో కనిపించింది. 30 కన్నా 12.5 మేలు కదా అని ఎగిరి గంతేసి అదే దింపుకున్నాను. వారం తర్వాత దాంతో పాటు వచ్చిన డాక్యుమెంటు చదివితే, ఆ ఎత్తులు పాల్సార్ కొలిచినవే కావట, ఎస్ఆర్‌టీఎం లాంటి పాత డీఈఎంలనే చిన్న గళ్ళలోకి కోసి పెట్టారట. పాలలో నీళ్ళు పోసి గిన్నె నిండిందని సంబరపడ్డట్టే అయింది నా పని. చివరికి కోపర్నికస్ 30 మీటర్ల డీఈఎం తీసుకున్నాను. అది కూడా చాలా చోట్ల చెట్ల పైభాగాన్నే నేల అనుకుంటుంది, అందుకని తోట అంచు వెంబడి నిజంగా లేని గట్టు ఒకటి మ్యాపులో పుట్టుకొస్తుంది. అది భరించాల్సిందే.

తర్వాత "ఫిల్ సింక్స్". డీఈఎంలో అక్కడక్కడ గుంటలు ఉంటాయి, చాలావరకు కొలతల్లో వచ్చిన దోషాలే. లెక్కలో నీళ్ళు వాటిల్లో దిగి ఆగిపోతాయి కాబట్టి టూలు వాటిని పూడ్చేసి నీటికి దారి ఇస్తుంది. ఎవరిని అడిగినా మొదటి మెట్టు ఇదే అంటారు. నొక్కాను, రెండు సెకన్లలో అయిపోయింది, ఏం పూడ్చిందో తిరిగి చూడలేదు. దీని గురించి మళ్ళీ చెప్తాను.

వాటర్‌షెడ్ హద్దు గీయడం తేలికే అనుకున్నా. నది బయటికి వెళ్ళే చోట ఒక పాయింటు పెడితే, దానికి పై నుంచి నీరు వచ్చే ప్రాంతమంతా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ గీసి ఇస్తుంది. నాకు మూడు పిక్సెళ్ళ వాటర్‌షెడ్ ఇచ్చింది. నా పాయింటు డీఈఎం లెక్కలో ఉన్న నదికి ఒక్క పిక్సెల్ పక్కన పడింది, అంటే ఒడ్డు మీద. ఉపగ్రహ చిత్రంలో నది చూసి పాయింటు పెట్టడం కాదు, డీఈఎం నది అని దేన్ని అనుకుంటుందో దాని మీద పెట్టాలి. అది సరిచేశాక వాలు లెక్కేశాను. వాటర్‌షెడ్ మొత్తం 89 డిగ్రీలు! అంటే అందరూ నిలువు గోడల మీద వ్యవసాయం చేస్తున్నారన్నమాట. కారణం, డీఈఎం అక్షాంశ రేఖాంశాల్లో ఉంది, అడ్డం కొలత డిగ్రీల్లో, ఎత్తు మీటర్లలో. అడ్డం కొలత కూడా మీటర్లలో ఉండే యూటీఎంలోకి మార్చాక కొండలు కొండల్లా, పొలాలు పొలాల్లా కనిపించాయి.

ఇక ఎల్ఎస్. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే, అందుకని కాస్త విడమరిచి చెప్తాను. మూర్, బర్చ్ 1986లో ఇచ్చిన పద్ధతిలో, పై నుంచి పిక్సెల్‌లోకి చేరే నీటి ప్రాంతాన్ని 22.13తో భాగించి 0.4 ఘాతానికి పెంచాలి, వాలు కోణం సైన్‌ని 0.0896తో భాగించి 1.3 ఘాతానికి పెంచాలి, ఆ రెండూ గుణించాలి. ఆ 0.0896 కూడా పాత మడి నుంచి వచ్చిందే, 9 శాతం వాలుకి సైన్ విలువ అది. రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో కొట్టాను. మ్యాపు నిండా చిల్లులు. జాగ్రత్తగా చూస్తే, వాలు 4, 5, 6 డిగ్రీలు ఉన్న చోటల్లా చిల్లు, 7, 8, 9 దగ్గర బాగానే ఉంది, 10 దగ్గర మళ్ళీ చిల్లు. దయ్యం పట్టిందా అనుకున్నా. ఆ క్యాలిక్యులేటర్ సైన్‌కి కోణాన్ని రేడియన్లు అనే ఇంకో యూనిట్లో అడుగుతుంది, నేను డిగ్రీలు ఇచ్చాను. 4 రేడియన్లకి సైన్ మైనస్, మైనస్ అంకెని 1.3 ఘాతానికి పెంచడం దానికి చేతకాదు, అందుకని అక్కడ ఖాళీ వదిలేసింది. నిజానికి చిల్లులు పడటం నా అదృష్టం. చిల్లుల్లేకుండా తప్పు అంకెలే వచ్చి ఉంటే అలాగే పంపేసేదాన్ని.

చిల్లులు పోయాక వచ్చిందే ఆ ఎర్ర గీత. సీనియర్ అడిగిన ప్రశ్నకి జవాబు లెక్కలోనే ఉంది. నది బయటికి వెళ్ళే చోట ఉన్న పిక్సెల్‌లోకి దాదాపు 2 లక్షల పిక్సెళ్ళ నీరు వచ్చి చేరుతుంది. దాన్ని పిక్సెల్ వెడల్పుతో హెచ్చించి, 22.13తో భాగించి, 0.4 ఘాతం వేస్తే దాదాపు 150 వస్తుంది. వాలు దాదాపు లేకపోయినా సరే, వంద మీటర్ల పొలం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ ఈ సమీకరణం చెప్పేది పల్చగా పారే నీటి కోత, చిన్న చిన్న చాళ్ళ కోత, అంతవరకే. నీళ్ళు ఒకచోట చేరి వాగు అయ్యాక అక్కడ జరిగేది వేరే సంగతి, దానికి ఈ సమీకరణం వర్తించదు. ఆర్‌యూఎస్ఎల్ఈలో వాలు పొడవు మామూలుగా 120 మీటర్ల లోపే ఉంటుంది, ఎంత సాగదీసినా 300. నేను 120 దగ్గర కోసేసి, వాగులూ నదీ ఉన్న పిక్సెళ్ళని మ్యాపులోంచి తీసేశాను. ఎర్ర నరాలు మాయమయ్యాయి. మ్యాపు అందం సగం పోయింది.

కే గురించి ఎక్కువ చెప్పను, ఒక్క పొరపాటు తప్ప. మట్టి వివరాలు సాయిల్‌గ్రిడ్స్ అనే ప్రపంచ మట్టి మ్యాపుల నుంచి తీసుకున్నాను, 250 మీటర్ల పిక్సెల్. అందులో బంకమన్ను 280 అని ఉంది. దాన్ని శాతం అనుకుని ఫార్ములాలో పెట్టేశాను. ఫార్ములాలో నూరులోంచి బంకమన్ను శాతం తీసెయ్యాలి, కాబట్టి అది మైనస్‌లోకి వెళ్ళింది, ఆ మైనస్ అంకెకి ఘాతం వెయ్యలేక మళ్ళీ చిల్లులే! ఆ అంకెలు కిలోకి గ్రాముల్లో ఉంటాయి, పదితో భాగిస్తే శాతం. సేంద్రియ కార్బన్ ఇంకో యూనిట్లో ఉంటుంది, దాన్ని సేంద్రియ పదార్థంగా మార్చడానికి 1.724తో గుణించాలి, చివర్లో అమెరికా యూనిట్ల నుంచి మెట్రిక్‌కి 0.1317. ఈ మూడు మార్పిడులూ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. మట్టి సంగతి మాత్రం నాకు కొత్తగా తెలిసింది. ఇసుక తేలిగ్గా విడిపోతుంది గానీ బరువు, దూరం పోదు. బంకమన్ను పోతే దూరం పోతుంది గానీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. మధ్యలో ఉండే సన్నటి ఒండ్రు, అదీ అసలు ప్రమాదం, పట్టు లేదు, బరువూ లేదు.

వాన విషయంలో మొదట ఏడాది మొత్తం వానని ఒక ఫార్ములాలో వేసి ఆర్ తీశాను, ఆ ఫార్ములా వేరే వాతావరణం ఉన్న చోట తయారైంది. ఇది చాలామంది చేసే పనే, అయినా తప్పే. ఏడాదికి 800 మిల్లీమీటర్లు అన్నది ఇరవై కుంభవృష్టుల్లో పడొచ్చు, నూట ఇరవై జల్లుల్లో పడొచ్చు. మట్టికి దెబ్బ తగిలేది మొదటిదానిలో. అందుకే అసలు నిర్వచనంలో వాన శక్తిని, ఆ వానలో అతి జోరుగా కురిసిన 30 నిమిషాల తీవ్రతతో గుణిస్తారు. పైగా నేను వాడిన చర్ప్స్ వాన డేటా పిక్సెల్ ఒక్కోటి అయిదున్నర కిలోమీటర్లు, నా వాటర్‌షెడ్ మొత్తం ఆరేడు పిక్సెళ్ళలో ఇమిడిపోయింది, ఫైనల్ మ్యాపులో ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి అంచులు కనిపించాయి. ప్రకృతిలో అంత తిన్నటి గీత ఎక్కడైనా ఉంటుందా? అది తీసేసి 2017లో వచ్చిన ప్రపంచ స్థాయి ఆర్ మ్యాపు వాడాను, 63 దేశాల్లో 3,625 వాన కేంద్రాల లెక్కలతో చేసింది, పిక్సెల్ దాదాపు కిలోమీటరు.

పీ దగ్గర నేను చేసిందల్లా అంతటా 1 పెట్టడం. అంటే ఎక్కడా ఏ రక్షణా లేదని అనుకోవడం. ఏ పొలానికి గట్టు ఉందో, ఏదానికి లేదో 30 మీటర్ల పిక్సెల్‌లో కనపడదు, ఊహించి రాసే కన్నా ఒకటి పెట్టి ఆ సంగతి రిపోర్టులో చెప్పడం నయం అనిపించింది.

అన్నీ గుణిస్తే గరిష్ఠం 3,400 టన్నులు వచ్చింది, ఏడాదికి హెక్టారుకి. ఇక్కడ ఒక చిన్న లెక్క అందరూ గుర్తుపెట్టుకుంటే మంచిది. హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి అంటే 10 ఘనపు మీటర్లు, మట్టి సాంద్రత 1.3 అనుకుంటే 13 టన్నులు. 3,400 టన్నులంటే ఏడాదికి 26 సెంటీమీటర్లు! నాలుగేళ్ళలో మీటరు లోతు నేల పోవాలి. అలా పోయే చోట ఈపాటికి రాయి తప్ప ఏమీ మిగిలి ఉండదు. ఎవరైనా వందలూ వేలూ టన్నులు చూపించే మ్యాపు ఇస్తే ముందు 13తో భాగించి చూడండి, సగం మ్యాపులు అక్కడే పడిపోతాయి.

రంగుల విషయం ఇంకో వింత. అవే అంకెలు, క్లాసులు విడగొట్టే పద్ధతి మార్చితే మ్యాపే మారిపోతుంది. నేను మొదట "క్వాంటైల్" పెట్టాను, ఐదు క్లాసులు. ఆ పద్ధతిలో ప్రతి క్లాసులో సమానంగా పిక్సెళ్ళు పడతాయి, అంటే నేల ఎంత భద్రంగా ఉన్నా సరే ఐదో వంతు ఎర్రగా రావాల్సిందే. "ఈక్వల్ ఇంటర్వల్" పెడితే మూడు వేల పైచిలుకు ఉన్న నాలుగు పిక్సెళ్ళు తప్ప అంతా పచ్చ. రెండూ నిజమే, రెండూ అబద్ధమే. చివరికి అంకెలు నేనే పెట్టుకున్నాను, 5, 10, 20, 40 అని. ఎందుకు పెట్టుకున్నానో కింద రాశాను.

ఇంత అయ్యాక పొలాల్లోకి వెళ్ళాం. ప్రింటు తీసిన మ్యాపు, ఫోన్లో జీపీఎస్, టేపు, రెండు స్కేళ్ళు. మ్యాపులో ఎరుపు, పచ్చ రెండిట్లోంచీ కలిపి 40 పాయింట్లు ముందే ఎంచి పెట్టుకున్నాం, ఎందుకంటే ఎర్రవి మాత్రమే చూసి వస్తే అంతా ఒప్పే అనిపిస్తుంది.

మొదటి ఎర్ర పాయింటు చేరడానికి గంటన్నర ఎక్కాం. చేరాక చూస్తే బండ. ఉత్త బండ, వేలితో గీకడానికి కూడా మట్టి లేదు. వాలు ఎక్కువ, పచ్చదనం సున్నా, కాబట్టి లెక్క ప్రకారం ఘోరమైన కోత. కోసుకుపోవడానికి అక్కడ ఏముంది గనక? నాతో వచ్చిన కుర్రాడు ఆ బండ మీదే కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "మేడమ్, ఇంకో 39 ఉన్నాయి" అన్నాడు.

ఏడో పాయింటు మ్యాపులో పచ్చ, 9 టన్నులు. మెల్లటి వాలు, పెద్ద పొలం. అక్కడ నిలబడగానే కాళ్ళ దగ్గరే కనిపించింది. ప్రతి చిన్న రాయి కిందా మట్టి స్తంభంలా నిలబడి ఉంది, రాయి గొడుగు పట్టినట్టు, చుట్టూ ఉన్న నేల రెండు వేళ్ళ లోతు దిగిపోయింది. అంటే చినుకులు చుట్టూ ఉన్న మట్టిని కొట్టేశాయి, రాయి కింద ఉన్నది మిగిలింది. కాస్త కిందికి వెళ్తే చాళ్ళు. వాలుకి అడ్డంగా 10 మీటర్ల టేపు పరిచి లెక్కపెట్టాం, ఏడు చాళ్ళు, సగటున 12 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల లోతు. లెక్కేస్తే హెక్టారుకి దాదాపు 65 టన్నులు, చాళ్ళలో పోయింది మాత్రమే, అదీ ఒక్క వానాకాలంలో. సమీకరణం చెప్పేది ఎన్నో ఏళ్ళ సగటు, ఇది ఒక్క ఏడాది, రెండూ ఒకటి కావని నాకూ తెలుసు. అయినా 9 ఎక్కడ, 65 ఎక్కడ?

మేం టేపు పట్టుకుని తచ్చాడటం చూసి పొలం పెద్దాయన వచ్చాడు. "ఏం వెతుకుతున్నారమ్మా?" అన్నాడు. మ్యాపు చూపించి, ఇక్కడ మట్టి పెద్దగా పోదని వచ్చిందండీ అన్నాను. ఆయన మ్యాపు వైపు చూడను కూడా లేదు. "పైరు ఉన్నప్పుడు ఎందుకు పోద్దమ్మా? దుక్కి దున్ని పెట్టుకున్నాక మొదట రెండు మూడు వానలు పడతాయి చూడు, అప్పుడే పోవాల్సిందంతా పోద్ది. మొలక జానెడు లేచిందంటే ఇంక భయం లేదు."

నేను సీ లెక్కకి వాడిన ఉపగ్రహ చిత్రం తేదీ ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. మబ్బుల్లేని సెంటినెల్-2 చిత్రం కోసం వెతికి వెతికి, వానలు తగ్గాక ఆకాశం తేటపడిన వారంలోది తీసుకున్నాను. అప్పుడు పొలాలన్నీ నిండు పైరుతో ఉంటాయి. ఎన్‌డీవీఐ, అంటే ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం కొలత, 0.6. నేను వాడిన ఫార్ములాలో 0.6 పెడితే సీ 0.05. అదే పొలం దుక్కి మీద ఉన్నప్పుడు ఎన్‌డీవీఐ 0.2, సీ 0.61. పన్నెండు రెట్లు తేడా! వాన గట్టిగా కొట్టేటప్పుడు నేల వట్టిగా ఉంది, నేను ఫోటో తీసింది నేల దుప్పటి కప్పుకున్నాక. తప్పు ఫార్ములాది కాదు, సమీకరణం రాసినవాళ్ళు ఏ నెలలో నేల ఎంత కప్పి ఉందో, ఆ నెలలో వాన దెబ్బ వాటా ఎంతో చూసుకుని సీ కట్టమనే చెప్పారు. నేను సౌకర్యంగా ఒక్క చిత్రంతో పని కానిచ్చాను. తిరిగొచ్చి వానలకి ముందు చివరి తేట చిత్రం, మధ్యలో మబ్బుల సందుల్లో దొరికినవి, చివరిది, అన్నీ తీసి నెలల వారీగా మళ్ళీ కట్టాను. ఆ పొలం 9 నుంచి 50 దాటింది. మ్యాపులో ఎరుపు కొండల మీద నుంచి దిగి మెల్లటి వాలున్న దుక్కి పొలాల్లోకి వచ్చేసింది. బండల్ని విడిగా గీసి తీసేశాను. నాలుగు నెలల్లో ఇంతకన్నా పెద్ద మార్పు ఇంకోటి లేదు, అది పెద్దాయన ఒక్క మాటతో వచ్చింది.

5, 10, 20, 40 కూడా ఆ తిరుగుడులోంచే వచ్చాయి. చాళ్ళు ఏమీ లేని చోట లెక్క 10 లోపే ఉంది, రాళ్ళ కింద స్తంభాలు మొదలయ్యేది 20 దగ్గర, కాలు ఇరుక్కునే చాళ్ళు 40 దాటాక. కంటికి కనిపించేదానికి, రంగుకి పొత్తు కుదిరింది.

మ్యాపులో అసలు లేనివి కూడా చాలా కనిపించాయి. కొండ మీదికి వెళ్ళే మట్టి బాట ఒకటి, ఎన్నేళ్ళుగానో బళ్ళు తిరిగి అరిగి, వానొస్తే అదే కాలువ. దాని చివర మనిషి లోతు గండి, అందులోంచి దిగిన మట్టి సూటిగా వాగులోకే. దాంతో పాటు వాగు ఒడ్డు కూలిపోయిన చోట్లు. ఇవేవీ సమీకరణంలో లేవు, ఉంటాయని అది ఎప్పుడూ చెప్పలేదు కూడా. నేనే కోత మ్యాపు అని పేరు పెట్టి మొత్తం కోత అనుకున్నాను. గండ్లూ బాటలూ ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసి విడి లేయరుగా పెట్టాను, పదకొండు రోజులు పట్టింది, కళ్ళు పోయాయి.

రిపోర్టులో టన్నులు తీసేశాను. దశాంశాలతో సహా అంకెలు వెయ్యమని ఒకరిద్దరు అడిగారు గానీ, రెండు పిక్సెళ్ళ మధ్య 17.3కి 18.1కి తేడా ఉందని చెప్పే ధైర్యం నాకు లేదు. 14 చిన్న వాటర్‌షెడ్లకి వరస ఇచ్చాం. మొదటి స్థానం 9వ నంబరుది, రెండోది 4వ నంబరుది. 4 మీద అందరికీ నమ్మకం, దుక్కి పొలాలు, ఒండ్రు నేల, అన్నీ ఉన్నాయి, మేం అక్కడ చాళ్ళు కూడా కొలిచాం.

తర్వాత వానలు మొదలయ్యాక, పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే ప్రతి వాగూ నదిలో కలిసే చోట లీటరు సీసాతో నీళ్ళు పట్టి తెచ్చాం. సీనియర్ సలహా అది, నాకు ఎందుకో అర్థం కాలేదు అప్పుడు. సీసాల మీద నంబర్లు రాసి బల్ల మీద వరసగా పెట్టి కదపకుండా వదిలేశాం. మూడో రోజుకి మట్టి అడుక్కి దిగింది. 9లో చిటికెన వేలు మందం. 11లో దానికి సగం. 4లో దాదాపు ఏమీ లేదు, సీసా అవతల ఉన్న గోడ మీది కాగితం చదువుకోవచ్చు, నేను అంటించిన ఆ 1.724 కాగితమే.

మళ్ళీ వెళ్ళాం 4కి. పొలాల్లో మట్టి పోతోంది, నిజమే. కానీ వాగు నదిలో కలిసే ముందు ఒక పాత చెరువు ఉంది, మూడు నాలుగు హెక్టార్లు ఉంటుందేమో, పై నుంచి వచ్చిందంతా అందులో దిగిపోతోంది, అలుగు మీంచి పోయేది తేట నీరు. అంత చెరువు నా లెక్కలో ఎందుకు లేదా అని మొదటి రోజు డీఈఎం తెరిచి చూస్తే, ఉంది. స్పష్టంగా గుంట, చుట్టూ కట్ట, అన్నీ ఉన్నాయి. ఫిల్ సింక్స్ నొక్కి నేనే పూడ్చేశాను.

పూడ్చక ముందు డీఈఎంలోంచి పూడ్చిన తర్వాతది తీసేస్తే ఏమేం పూడిందో ఒక్క నిమిషంలో కనిపిస్తుంది. అలా చేస్తే ఇంకో రెండు చెరువులు బయటపడ్డాయి. వరస మళ్ళీ రాసి పంపాం, జలాశయం పూడికకి సంబంధించినంతవరకు 4 రెండు నుంచి ఎనిమిదికి దిగింది, 11 పైకి వచ్చింది. 4 పొలాల వాళ్ళ మట్టి మాత్రం పోతూనే ఉంది కాబట్టి దానికి విడిగా ఒక పేరా రాశాను. సీనియర్ ఈసారి ఫోన్ చెయ్యలేదు, ఆ పేరా కింద ఒక లైను చేర్చి పంపారు: "ఆ చెరువు ఎన్నాళ్ళలో నిండుతుందో కూడా లెక్కెయ్యమ్మా."

ఇప్పుడు ఆ పనిలో ఉన్నాను.